భీమవరంలో కొత్త థాయ్ హోటల్: ఏడుగురం వెళ్తున్నాం, ఏం చెప్పుకోవాలి?

మేతలెక్కలు:

ఏవండీ, కూసింత సలహా కావాలి. మాది భీమవరంలో రొయ్యల మేత కంపెనీ ఆఫీసు, నేను అకౌంట్స్. నెలాఖరు లెక్కలు తేలాక సెక్షన్ అంతా కలిసి బయట భోంచేయడం మా దగ్గర ఆనవాయితీ. ఎప్పుడూ అదే ఏసీ హాలు, అదే దమ్ బిర్యానీ, అదే అపోలో ఫిష్. ఈసారి జువ్వలపాలెం రోడ్డులో కొత్తగా తెరిచిన థాయ్ హోటల్‌కి పోదామని మా ట్రైనీ అమ్మాయి గ్రూపులో మెనూ ఫొటోలు పెట్టింది. మేనేజర్ గారు వెంటనే బొటనవేలు పైకెత్తారు. ఎక్కడికెళ్లినా ఆర్డరు చెప్పే పని మాత్రం నా నెత్తినే పడుతుంది. బిల్లు పాస్ చేసేది నేనే అని కాబోలు.

మెనూ చూశాను. సగం పేర్లు నోరు తిరగలేదు. పేర్ల సంగతి ఎలా ఉన్నా, అసలు తంటా మా మనుషులతోనే.

మేనేజర్ గారికి చివర్లో పెరుగన్నం పడకపోతే అది భోజనం కిందకే రాదు. డిస్పాచ్‌లో పెద్దావిడ, అందరం అక్క అంటాం, కార్తీకమాసం నెలంతా నీచు ముట్టరు, ఉల్లి వెల్లుల్లి కూడా మానేస్తారు. అయినా "మీరందరూ వెళ్తుంటే నేనొక్కదాన్నీ క్యారేజీ విప్పుకుని కూర్చోనా" అని వస్తానన్నారు. లేబ్‌లో కుర్రాడికి రొయ్య పడదు. నవ్వకండి, నిజం. పొద్దస్తమానం రొయ్యల మేతలో ప్రొటీన్ కొలుస్తాడు, ఒక్క రొయ్య నోట్లో వేసుకుంటే మూతి వాచిపోతుంది. ఫీల్డు కుర్రాళ్లిద్దరికీ "థాయ్ అంటే చప్పగా, తియ్యగా ఉంటుందంట కదండీ" అని చిన్నచూపు. ట్రైనీ అమ్మాయి హైదరాబాదులో తిన్నానంటుంది గానీ, గుచ్చి అడిగితే నూడుల్స్ తప్ప ఇంకేం గుర్తులేదు.

మనిషికి ఆరొందల దాకా పర్లేదు. ఎన్ని రకాలు చెప్పాలి? అక్కకి నిజంగా తినదగ్గది ఏదైనా ఉంటుందా, లేక ఆవిడ్ని తీసుకెళ్లి తెల్లన్నం పెట్టించడమేనా?

ఆకివీడు బుల్లోడు:

ఆరొందలు పోసి గడ్డి ఉడకేసిన నీళ్లు తాగడం దేనికండీ. ఉండి సెంటర్ దాటాక రోడ్డు పక్క మెస్సులో కొర్రమీను పులుసు, కోడి వేపుడు, గడ్డపెరుగు. తలకి రెండొందలు. మిగిలిన నాలుగొందలూ నాకు ఫోన్‌పే చేయండి.

ఉప్పుటేరు:

మేతలెక్కలు గారూ, బుల్లోడి మాట వదిలేయండి. ఎవరు ఏ తిండి గురించి అడిగినా ఆయన ఆ మెస్సు పేరే ఎత్తుతాడు.

నేను హేచరీ మనిషిని. థాయ్‌లాండ్‌లో చంథబురి వైపు కొన్నేళ్లు పనిచేసి, 2012-13లో ఈఎంఎస్ అనే రొయ్యల జబ్బొచ్చి అక్కడి చెరువులు ఖాళీ అవుతుంటే ఇటు వచ్చేశాను. వాళ్ల రొయ్య పడిపోయిన ఆ రోజుల్లోనే మన వనామీ రొయ్యకి గిరాకీ లేచింది. మీ ఆఫీసులో ఆనాటి పుస్తకాలుంటే తిరగేయండి, మేత అమ్మకాల్లో తెలుస్తుంది.

ఇక తిండి. ముందు ఒక్క సంగతి ఒప్పుకోండి: ఎవరి ప్లేటు వాళ్లు చెప్పుకోవద్దు. మనవాళ్లు థాయ్ హోటల్‌కెళ్లి బాగోలేదని రావడానికి సగం కారణం ఇదే. ఏడుగురూ ఏడు ప్లేట్ల నూడుల్స్ చెప్పుకుంటే నాలుగో ముద్దకి మొహం మొత్తుతుంది. అక్కడ ఎవరి పళ్లెంలో వాళ్లకి అన్నం ఉంటుంది, కూరలన్నీ బల్ల మధ్యలో ఉంటాయి. ఒక్కో దాంట్లోంచి ఒకటి రెండు చెంచాలు వేసుకుని, అది అయ్యాక ఇంకోటి. మన విస్తట్లో పప్పు, పులుసు, వేపుడు, పచ్చడి ఒకదాని వెంట ఒకటి కలుపుకున్నట్టే. పుల్లటిదొకటి, కొబ్బరిపాలదొకటి, పొడిగా వేయించిందొకటి, పచ్చిదొకటి, చేపొకటి ఉంటే ఒకదాని ఘాటు ఇంకొకటి సర్దుకుంటుంది. విడివిడిగా తింటే ఒకటి మరీ పులుపు, ఒకటి మరీ తీపి అనిపిస్తాయి. ఏడుగురికి అన్నం కాక ఆరు రకాలు చాలు.

పులుపుకి టామ్ యమ్ కుంగ్. రొయ్యల చారు. అందులో తేలే నిమ్మగడ్డి కాడలు, దుంపరాష్ట్రం ముక్కలు, నిమ్మాకులు నమలకూడదు, పక్కన పెట్టేయాలి. బుల్లోడికి గడ్డి కనిపించింది అందుకే, కాడ నమిలి ఉంటాడు. ఆ ఆకు మామూలు నిమ్మాకు కాదు, మాక్రూట్ అని వేరే జాతి. మజ్జిగలో దబ్బాకు వేసుకునే ఇళ్లవాళ్లకి ఆ వాసన కొత్తగా ఉండదు. ఈ చారుని 2024లో యునెస్కో వాళ్ల సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. మీరు అకౌంట్స్ కాబట్టి ఇంకోటి: 1997 జూలైలో వాళ్ల బాత్ విలువ కుప్పకూలి ఆసియా అంతా వణికింది కదా, ఆ సంక్షోభాన్ని థాయ్ వాళ్లు టామ్ యమ్ కుంగ్ సంక్షోభం అనే పిలుస్తారు. చారు వచ్చేలోపు మేనేజర్ గారికి చెప్పండి, కాలక్షేపం అవుతుంది.

చేప తప్పకుండా చెప్పండి. మెనూలో సీ బాస్ విత్ లైమ్ అనో, ప్లా కపాంగ్ అనో ఉంటుంది. కంగారు పడకండి, అది మన పండుగప్పే. నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిరప నూరి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. చుక్క నూనె ఉండదు. పండుగప్పని మనం పులుసు పెట్టి దాని రుచిని మసాలా కింద పూడ్చేస్తామని నా ఫిర్యాదు (మా ఆవిడ ఈ వాక్యం చదవకూడదు). వెళ్లేముందు ఫోన్ చేసి నిజం పండుగప్పేనా, లేక పంగాసియస్ (చెరువుల్లో పెంచే చవకరకం చేప) ముక్కలా అని అడగండి. పంగాసియస్ అయితే మానేయండి.

మీ ఫీల్డు కుర్రాళ్ల కోసం సోమ్ తమ్. పచ్చి బొప్పాయి కోరు, రోట్లో వేసి దంచుతారు. అడిగితే సరిగ్గా కారంగా చేస్తారు. మన కారం నూనెలో, ఉల్లిపాయతో మగ్గి మెత్తబడి వస్తుంది. వాళ్లది చిట్టి మిరపకాయ, పచ్చిది, నిమ్మరసంలో చితక్కొట్టి నేరుగా నాలుక మీదకొస్తుంది. ఆ దెబ్బ వేరు. నీళ్లు తాగొద్దు, అన్నం తినమనండి.

లేబ్ కుర్రాడి విషయం నవ్వులాట కాదు. కనబడే రొయ్యతో అయిపోదు. సోమ్ తమ్‌లో ఎండురొయ్యలుంటాయి. కూరల్లో వేసే మసాలా ముద్దల్లో కపీ అని రొయ్యల ముద్ద నూరి ఉంటుంది. టామ్ యమ్‌లో కలిపే వేయించిన మిరప ముద్దలోనూ ఎండురొయ్య ఉంటుంది. "రొయ్య తీసేసి ఇవ్వండి" అంటే పైన ముక్కలు ఏరేసి ఇస్తారు, అంతే. పెనం కూడా ఒకటే. అతనికి విడిగా, కడిగిన పెనంలో చేస్తామంటేనే తినమనండి. లేదంటే తెల్లన్నం, గుడ్డు. డాక్టరిచ్చిన మాత్రలు జేబులో ఉండాలి. ఈసారి మూతి వాచింది, ఇంకోసారి గొంతు వాచొచ్చు.

అక్కగారి సంగతి ఇంకా చిక్కు. మనం ఉప్పు వేసే చోట వాళ్లు చేపల సాస్ వేస్తారు. నెత్తళ్ల లాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం అది. వెజ్ గ్రీన్ కర్రీ అని మెనూలో ఆకుపచ్చ చుక్క ఉన్నా, ముద్దలో రొయ్య, పైన చేపల సాస్ ఉండొచ్చు. కాబట్టి వెజ్ అన్న మాట మీద ఆగొద్దు. చేపల సాస్, ఆయిస్టర్ సాస్, రొయ్యల ముద్ద, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి, ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దని చెప్పండి. ఇలాంటి తిండి థాయ్ వాళ్లకి తెలియంది కాదు. చైనా వాళ్ల తొమ్మిదో నెలలో, మన దసరా అటూ ఇటూ, తొమ్మిది రోజులు జే అని పాటిస్తారు. నీచు ఉండదు, ఉల్లి వెల్లుల్లి ఉండవు. బజారులో పసుపుపచ్చ జెండాల మీద ఎర్ర అక్షరాలు కట్టిన కొట్లన్నీ ఆ తిండివే. ఫుకెట్‌లో పెద్ద ఉత్సవం. అక్కగారు ఆ తొమ్మిది రోజులూ అక్కడుంటే హాయిగా ఏ బండి దగ్గరైనా తినేవారు.

మ్యాంగో స్టికీ రైస్ మాత్రం చెప్పకండి. కార్తీకమాసంలో మామిడిపండు ఎక్కణ్ణించి వస్తుంది? ఫ్రీజర్లోంచి వస్తుంది.

సోమారామం వీధి:

మేము వెళ్లాం అక్కడికి, మా అత్తగారితో. కుర్చీలు బాగున్నాయి, ఏసీ బాగుంది, కుర్రాళ్లు మర్యాదగా మాట్లాడారు. మెనూ తెరిచిన రెండో పేజీలో హోలీ బేసిల్ చికెన్ అని చూసి, అదేంటని అడిగితే ఆ అబ్బాయి "తులసాకు వేసిన చికెన్ అండి" అని చాలా సంతోషంగా చెప్పాడు. మా అత్తగారు లేచి నిలబడ్డారు. కార్తీకంలో, పొద్దున్నే తులసికోటకి దీపం పెట్టి వచ్చిన మనిషి. ఐస్‌క్రీం తిని వచ్చేశాం.

కాబట్టి మీ అక్కగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి. ఇంకోటి, సోమవారం మాత్రం పెట్టుకోకండి. కార్తీక సోమవారం గునుపూడి గుడికొచ్చే జనంతో ఊళ్లో బండి కదలదు. లంచ్‌కెళ్లి టిఫిన్ వేళకి ఆఫీసుకొస్తారు.

మేతలెక్కలు:

ఉప్పుటేరు గారూ, మీరు రాసింది ప్రింటు తీసి పర్సులో పెట్టుకున్నాను. గురువారం ఖాయం చేశాం. సోమారామం వీధి గారూ, ఆ తులసి సంగతి మీరు చెప్పకపోతే నిండా మునిగేవాళ్లం. అక్క బల్ల మీద అది వస్తే ఇక మా ఎవరి క్యారేజీ మూతా ఆవిడ తియ్యరు. ఉప్పుటేరు గారూ, అది నిజంగా తులసేనా? గ్రీన్ కర్రీలో కూడా బేసిల్ అని రాసుంది, అదీ అంతేనా?

ఉప్పుటేరు:

రెండూ వేరమ్మా. గ్రీన్ కర్రీలో వేసేది హొరపా, మన రుద్రజడ జాతి. సబ్జాగింజలు వచ్చే మొక్క లేదూ, దాని దగ్గరి చుట్టం. కాడ ఊదారంగులో ఉంటుంది, సోంపు వాసనొస్తుంది. దానికీ పూజకీ సంబంధం లేదు.

చికెన్‌తో వేయించేది క్రపావ్. అది నిజంగా తులసే. అక్కడ వంటాకు కిందే పెంచుతారు. మధ్యాహ్నం ఏం తినాలో తోచనివాడు చెప్పుకునే తిండి అది. అన్నం, మిరపకాయలతో వేయించిన మాంసం, ఆకు, పైన కరకరలాడే అంచుతో వేయించిన గుడ్డు. చంథబురిలో మా హేచరీ ఎదర బండి దగ్గర వారంలో సగం రోజులు నా భోజనం అదే. మొదటిసారి తులసని తెలిసి చెయ్యి ఆగింది, ఆకలికి మళ్లీ కదిలింది. ఇక్కడి హోటళ్లలో చాలాచోట్ల తులసి బదులు మామూలు బేసిల్ వేసి అదే పేరు రాస్తారు. అది తులసో కాదో అక్కగారి ముందు వంటవాణ్ణి పిలిచి విచారణ పెట్టకండి. ఈ నెలకి ఆ వంటకం వదిలేయండి. పొడి కూర కిందకి జీడిపప్పు చికెన్ చెప్పుకోండి, థాయ్ హోటల్ అన్నచోటల్లా అది ఉంటుంది.

చెంచా ఫోర్కూ ఇస్తారు. ఫోర్కు నోట్లో పెట్టుకోరు, దాంతో చెంచాలోకి తోస్తారు. తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) అడగొద్దు, అవి నూడుల్స్‌కే. చేత్తో తింటే ఎవరూ ఏమీ అనుకోరు. ఈశాన్యంలో ఈసాన్ వాళ్లు జిగురన్నం చేత్తోనే ముద్ద చేసి తింటారు.

గరిటె:

రాజమండ్రిలో హోటల్ కిచెన్లో చేస్తాను, చైనీస్, థాయ్ రెండూ. పైన ఆయన చెప్పింది నిజమే, కానీ కిచెన్ వైపు నుంచి కూడా వినండి.

మన ఊళ్లలో కూర ముద్ద ఎవరూ రోజూ నూరరు. డబ్బాలో వస్తుంది. అందులో రొయ్యుంటే తీయడం మా వల్ల కాదు, మీ వల్లా కాదు. రొయ్య లేని ముద్ద కూడా వేరేగా దొరుకుతుంది, కానీ ప్రతి హోటలూ రెండు డబ్బాలు పెట్టదు. డబ్బా మీద చీటీ చూపించమని అడగండి. మంచి హోటలైతే చూపిస్తుంది. సణిగితే అక్కగారికి కూర వద్దు, టోఫూ (సోయాపాల పనీర్), కూరగాయలు సోయా సాస్‌తో వేయించమనండి.

ముందురోజు సాయంత్రం ఫోన్ చేయండి. లంచ్ టైములో వచ్చి "ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, ఒకరికి రొయ్య వద్దు, పెనం కడగండి" అంటే మాస్టరు తలూపుతాడు, చెయ్యి మాత్రం అలవాటు చొప్పున వెల్లుల్లి గిన్నెలోకే పోతుంది. ముందే చెబితే ఆ రెండు ప్లేట్లూ రద్దీ మొదలవకముందే చేసి పక్కన పెడతాం.

అన్నీ ఒకేసారి బల్ల మీదకొస్తాయని ఎదురుచూడకండి. పెనం మీద ఒకటయ్యాకే ఇంకోటి. వచ్చింది వచ్చినట్టు తినండి.

పక్కనే కోనసీమ పెట్టుకుని డబ్బా కొబ్బరిపాలు పోస్తారేంటని మొన్నొక పెద్దాయన నన్ను దులిపేశారు. అప్పుడే తీసిన పాలు రుచి ఎక్కువే అండి. మీగడ మరిగించి నూనె తేలాక ముద్ద వేయించడం అసలు పద్ధతి, దానికి తాజాపాలే బాగుంటాయి. కానీ అవి పూట దాటితే పులుస్తాయి, కాయ కాయకీ చిక్కదనం మారుతుంది. రోజుకి పది ప్లేట్ల గ్రీన్ కర్రీ పోని ఊళ్లో ఎవడు కొబ్బరికాయలు కొట్టి కూర్చుంటాడు?

ఆకివీడు బుల్లోడు:

ఇంత తతంగమా! కొర్రమీను పులుసుకి ఫోను కూడా చేయక్కర్లేదు.

మేతలెక్కలు:

వెళ్లొచ్చాం. అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను.

బుధవారం సాయంత్రమే ఫోన్ చేశాను. ఎత్తిన అబ్బాయి నా జాబితా మొత్తం రాసుకుని తిరిగి చదివి వినిపించాడు, అక్కడే సగం మార్కులు వేసేశాను. ముద్ద డబ్బా చీటీ ఫొటో తీసి పంపమంటే పంపాడు. అందులో రొయ్య ఉంది. అందుకని అక్కకి కూర మానేసి, సోయా సాస్‌తో టోఫూ, పుట్టగొడుగులు, బేబీకార్న్ వేయించారు. దుంపరాష్ట్రం వేసిన కొబ్బరిపాల చారు కూడా చేపల సాస్ లేకుండా విడిగా చేశారు. అక్క ఆ చారు రెండోసారి అడిగి పోయించుకున్నారు. "దుంపరాష్ట్రం మా అమ్మ దగ్గుకి కషాయంలో వేసేది, ఇలా పాలల్లో కూడా వేస్తారా" అని ఆశ్చర్యపోయారు. టోఫూ మాత్రం సగం వదిలేశారు. నాకూ నచ్చలేదు, ఉప్పు లేదు.

లేబ్ కుర్రాడు గుడ్డు, అన్నం, విడిగా వేయించిన చికెన్‌తో సరిపెట్టుకున్నాడు. సాయంత్రం దాకా వాణ్ణే చూస్తూ కూర్చున్నాం, ఏమీ కాలేదు.

పండుగప్ప గొప్పగా ఉంది. నిజం పండుగప్పే, నిండు చేప, పళ్లెం కింద చిన్న మంట పెట్టి తెచ్చారు. మేనేజర్ గారు తల తనవైపు తిప్పుకున్నారు, ఇంకెవరికీ దక్కలేదు. అడుగున మిగిలిన నిమ్మరసం చారంతా అన్నంలో కలిపేశారు. పెరుగన్నం లేదని తెలుసు గనక ఇంటి నుంచే చిన్న డబ్బాలో తెచ్చుకుని, తిరిగొచ్చాక పార్కింగులో కారులో కూర్చుని తిన్నారు. మేం చూడనట్టు ఊరుకున్నాం.

సోమ్ తమ్ దగ్గర ఫీల్డు కుర్రాళ్లు "అన్నా, ఫుల్ కారం" అని చెప్పి మరీ చేయించుకున్నారు. ఒకడు కన్నీళ్లు పెట్టుకుని పూర్తిచేశాడు. రెండోవాడు రెండు చెంచాల తర్వాత ఫోన్ వచ్చిందని బయటికెళ్లాడు. ఫోన్ రాలేదు.

బాగోనిది పాడ్ థాయ్ నూడుల్స్. ఎర్రగా, తియ్యగా, టమాటా సాస్ కలిపినట్టుంది. చింతపండు పులుపు నాకు తగల్లేదు. ట్రైనీ అమ్మాయికి మాత్రం హైదరాబాదులో తిన్నది సరిగ్గా ఇదేనట. అన్నం కూడా మావాళ్లలో సగం మందికి నచ్చలేదు, కాస్త అంటుకుంటోందని, సువాసన ఎక్కువుందని.

బిల్లు పన్నులతో కలిపి మనిషికి ఆరొందల డెబ్బై. డెబ్బై నేను సర్దేశాను, ఎలాగో అడక్కండి.

ఉప్పుటేరు:

టమాటా సాస్ పోస్తే అది పాడ్ థాయ్ కాదమ్మా. చింతపండు, తాటిబెల్లం, చేపల సాస్, ఈ మూడే దాని పాకం. మళ్లీ వెళ్తే టమాటా సాస్ వద్దు, చింతపండుతో చేయమని చెప్పి చూడండి.

అన్నం గురించి. మనకి మార్టేరులో పుట్టిన స్వర్ణ, 1982 నాటి ఎంటీయూ 7029, ఊళ్ల నిండా పండింది. బాపట్ల సాంబమసూరి సన్నగా, పొడిపొడిగా వస్తుంది, నోరు దానికి అలవాటు పడింది. వాళ్ల మల్లెబియ్యం ఖావ్ డాక్ మాలి 105, 1959లో విడుదల చేశారు. మెత్తగా అంటుకోవడం దాని గుణమే, వండటంలో తేడా కాదు. చెంచాతో తినేవాళ్లకి అదే వీలు.

గూటాల రేవు:

మాది పోలవరం అండి, భీమవరంలో చుట్టాలింటికి వస్తున్నాం. పిల్లలతో కలిసి పదిమందిమి. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే చోటు దొరుకుతుందా? పిల్లలకి కారం లేనివి ఏమైనా ఉన్నాయా?

మేతలెక్కలు:

ఆదివారం వద్దండి, పక్క టేబుల్‌వాళ్లు గంటసేపు బయట నిలబడ్డామన్నారు. శనివారం పన్నెండున్నరకల్లా వెళ్లండి. పిల్లలకి మాస్మన్ కర్రీ చెప్పండి, బంగాళాదుంపలు, వేరుశనగపప్పు, దాల్చినచెక్క, కారం చాలా తక్కువ. వేరుశనగ పడని పిల్లలుంటే మాత్రం వద్దు. చేప కావాలంటే ముందురోజే చెప్పి ఉంచాలి, రోజుకి కొన్నే తెప్పిస్తున్నారు.